షుగర్ బయటపడ్డాక: అన్నమా చపాతీనా, చక్కెరా బెల్లమా, పొద్దుటి నడకా రాత్రి నడకా

మా తోడల్లుడికి పోయిన నెల షుగర్ బయటపడింది. మోకాలి నొప్పికని డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఎందుకైనా మంచిదని ఆయన రాసిన రక్తపరీక్షలో పరగడుపున 168 వచ్చింది. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 8.1. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇక అన్నం మానేయాల్సిందేనా?" అన్నాడు. ఆరేళ్ల కింద నాకు వచ్చినప్పుడు నేనూ డాక్టర్ని మొదట అడిగింది అదే. మా ఇళ్లలో షుగర్ అనగానే గుర్తొచ్చేది కళ్లూ కిడ్నీలూ కాదు, కంచం.

అతనికి ఫోన్లో చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇదంతా పెద్దవాళ్లకు వచ్చే టైప్ 2 గురించి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు తిండి మార్చే ముందు డాక్టర్ని అడగాలి. పప్పు ఎక్కువ తినమనే మామూలు మాట కూడా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు పనికిరాకపోవచ్చు.

రెండిట్లో ఏది అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా నేను చూసేది ఒకటే: ఇది ఇంట్లో అందరూ తింటారా? మొదటి నాలుగు నెలలు మా ఆవిడ నాకు వేరుగా వండింది. ఆమెకు పని రెట్టింపు. నాకేమో పక్క కంచంలో ఆవకాయన్నం మీదే చూపు. ఐదో నెలకు కొర్రల డబ్బాకు పురుగు పట్టింది, నా పత్యం కూడా దాంతోనే పోయింది. ఆ తర్వాత నాకోసం వేరే వంట మానేసి ఇంటి వంటనే కొంచెం మార్చాం. అది ఇప్పటిదాకా నిలబడింది.

అన్నమా, చపాతీనా, కొర్రలా

చుట్టాలందరూ చెప్పే సలహా ఒకటుంటుంది: రాత్రి అన్నం మానేసి చపాతీ తిను. నేనూ తిన్నాను, నాలుగేసి. నూనె వేసి కాల్చినవి, పక్కన బంగాళాదుంప కూర. రెండు గంటల తర్వాత వేలు గుచ్చి మీటర్లో చూసుకుంటే అన్నం తిన్న రోజుకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. లెక్క వేస్తే ఎందుకో తెలిసింది. ఒక పుల్కాకు 25, 30 గ్రాముల పిండి పడుతుంది, అందులో 18 నుంచి 20 గ్రాములు పిండిపదార్థమే. ఒక కప్పు అన్నంలో 40, 45 గ్రాములుంటుంది. అంటే రెండు పుల్కాలు ఇంచుమించు ఒక కప్పు అన్నం. నాలుగు తిన్నవాడు రెండు కప్పుల అన్నం తిన్నట్టే, పైగా అన్నం మానేశానన్న తృప్తితో ఇంకొకటి కూడా వేయించుకుంటాడు.

గోధుమకు లాభమే లేదా అంటే ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు పీచు 3 గ్రాముల లోపే. పొట్టుతో ఆడించిన గోధుమపిండిలో, జొన్నల్లో, రాగుల్లో 10, 11 గ్రాముల దాకా ఉంటుంది. ఇంకో లాభం ఎవరూ చెప్పరు. చపాతీకి లెక్క ఉంటుంది, అన్నానికి ఉండదు. రెండు తిని లేవాలనుకుంటే లేవచ్చు. అన్నం దగ్గర "ఇంకొంచెం పెట్టనా" అని గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు ఏ లెక్కా నిలవదు. చపాతీ నాకు చేసిన మేలులో సగం ఈ లెక్కదేనని నా నమ్మకం.

జొన్నరొట్టె అలవాటున్న తెలంగాణ, రాయలసీమ ఇళ్లవాళ్లు ఇక వెతుక్కోనక్కర్లేదు, అదే తినండి. మాది గుంటూరు వైపు. చేత్తో రొట్టె తట్టడం మాకు రాదు. మా ఆవిడ తట్టిన మొదటి రొట్టెల్లో ఒక్కటీ గుండ్రంగా లేదు, రెండు పెనం మీదే విరిగాయి. హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద రొట్టెలు కాల్చి అమ్మేవాళ్లు ఉంటారు కదా, వారానికి మూడు రోజులు అక్కడే కొంటాం. పిల్లలు కూడా పచ్చిపులుసుతోనో, ఆకుకూర పప్పుతోనో ఇష్టంగా తింటారు.

కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు మంచివే. పీచు ఉంటుంది, నమిలి తినాలి, త్వరగా కడుపు నిండుతుంది. కానీ వాటికి మందు హోదా ఇచ్చి రెండు కప్పులు లాగిస్తే లాభం లేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అని దేశమంతటా జరిగిన పెద్ద సర్వే ఉంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో తేల్చింది అదే. మన తిండి ద్వారా వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని 2025లో వచ్చిన దాని విశ్లేషణ చెప్పింది. తెల్లబియ్యం తీసేసి ఆ మోతాదులోనే గోధుమలో చిరుధాన్యాలో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గదట. మొత్తం పిండిపదార్థాన్ని కొంత తగ్గించి, ఆ ఖాళీలో పప్పుధాన్యాలు, పాలు, పెరుగు లాంటివి పెడితే తగ్గుతుందట. నేను మీటర్ దగ్గర నేర్చుకున్నదీ అదే కాబట్టి ఈ మాట నాకు బాగా నచ్చింది.

మరి అన్నం తగ్గించేదెలా? మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించరు. పప్పుకు ఒక వాయి, కూరకు ఒక వాయి, చారుకు ఇంకొకటి, చివర పెరుగన్నం. నాలుగు వాయిలూ చిన్నవే అనిపిస్తాయి గానీ కలిపితే మూడు కప్పులు దాటుతుంది. ముందు నేను చివరి రెండు వాయిల్లో అన్నం తీసేశాను. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. పెరుగు గిన్నెలో వేసుకుని, కీరదోస ముక్కలో దానిమ్మ గింజలో కలుపుకుని చెంచాతో తింటాను. ఇంటికి వచ్చినవాళ్లకు అది పత్యంలా కనిపించదు. మిగిలిన ఒక కప్పు అన్నం పప్పుకూ కూరకూ సరిపోతుంది, అదీ కూర వాటా పెంచితే. ఆ కప్పైనా కూరా పప్పూ కొంత ఉత్తగా తిన్నాకే కలుపుకోవాలి. కూరగాయలూ ప్రోటీన్ ముందు, అన్నం తర్వాత తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. కందిపప్పు, టమాటా చారు, బెండకాయ వేపుడు అన్నీ పాతవే. మారిందల్లా వరసా, వాటా.

ఇక బియ్యం రకం సంగతి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనాకు, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048కి, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 ప్రాంతంలో ఉందని తేలింది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులు తట్టుకునేలా తయారుచేసిన మెరుగైన సాంబ మసూరిది కూడా 51కి దగ్గరే. ఈ లెక్కలో 55 లోపు తక్కువ కింద, 70 దాటితే ఎక్కువ కింద చూస్తారు. కాబట్టి అన్నం లేనిదే భోజనం చేసినట్టు అనిపించనివాళ్లకు ఇవి మంచి దారి. రుచిలో కూడా సోనాకు వంక పెట్టలేం, ఇంట్లో అందరికీ అదే వండొచ్చు. అయితే కొన్ని దుకాణాల్లో "షుగర్ ఫ్రీ రైస్" అని బోర్డు పెట్టి అమ్ముతారు, దాన్ని చూసి మోసపోవద్దు. పిండిపదార్థం లేని బియ్యం ఎక్కడా లేదు. చద్దన్నం మీద కూడా ఈమధ్య ప్రచారం ఎక్కువైంది. చల్లారిన అన్నంలో కొంత పిండి త్వరగా అరగని రూపంలోకి మారే మాట నిజమే, కానీ మార్పు స్వల్పం. ఇష్టమైతే తినండి, ఆ పేరు చెప్పి రెండో గిన్నె మాత్రం వద్దు.

పొద్దున టిఫిన్

నా అనుభవంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది టిఫినే. నాలాంటి చాలామందికి రోజు మొత్తంలో పొద్దున తిన్నదానికే షుగర్ ఎక్కువ పెరుగుతుంది.

ఇడ్లీ తేలిగ్గా అరుగుతుందని జ్వరం వచ్చినవాళ్లకు పెడతాం. షుగర్ వాళ్లకు ఆ తేలిగ్గా అరగడమే చిక్కు. రెండు, మూడు పాళ్ల ఇడ్లీరవ్వకు ఒక పాలు మినప్పప్పు వేసిన ఇడ్లీ నాలుగు తింటే, పైన అల్లం పచ్చడిలో బెల్లం కూడా ఉంటే, మీటర్ ఊరుకోదు. పెసరట్టు దీనికి సరిగ్గా ఎదురు. పెసల్లో ప్రోటీన్ 22, 24 శాతం దాకా ఉంటుంది, పొట్టుతోనే రుబ్బుతాం కాబట్టి పీచు ఎక్కడికీ పోదు. రెండిట్లో ఏదంటే నేను ఆలోచించకుండా పెసరట్టు అంటాను. ఉప్మా పెసరట్టు మాత్రం కాదు, మంచి దాని కడుపులో బొంబాయి రవ్వ పెట్టి ఎందుకు పాడు చేయడం! ఇడ్లీ మానలేకపోతే రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డు. పెసరట్టు రోజూ తినాలంటే విసుగు. మా ఇంట్లో మధ్యమధ్య శనగపిండి అట్టు, గోధుమరవ్వ ఉప్మాలో సగానికి సగం కూరముక్కలు, ఆదివారం మినపట్టు.

రాగి జావ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నేను పడ్డ గుంట అది. రాగులు ఆరోగ్యం, కాల్షియం ఎక్కువ, అన్నీ నిజమే. కానీ మెత్తటి పిండిని ఉడికించి పల్చగా తాగితే నమిలే పని లేదు, కడుపులో ఆగే పని లేదు. పెద్ద గ్లాసు తాగి, ఆరోగ్యంగా ఉన్నానని మురిసిపోయి, గంటన్నరకు మీటర్లో 230 చూశాను. రాగులే కావాలంటే రొట్టెగానో దోసెగానో ఎంచుకోండి. జావే తాగాలంటే చిన్న గ్లాసు, పల్చటి మజ్జిగ కలిపి, పక్కన గుప్పెడు పల్లీలు. ఓట్స్ కూడా ఇంతే. మూడు నిమిషాల్లో ఉడికే మసాలా ప్యాకెట్లకన్నా ముతకగా ఉండే రకం నయం. ఓట్స్ మా ఇంట్లో ఎవరికీ సయించలేదు, అందుకే ఆ సంగతి అక్కడితో సరి.

కాఫీలో ఏం వేయాలి

రోజుకు మూడు కాఫీలు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకుంటే నెలకు ముప్పావు కిలో దాటుతుంది. ఎన్నాళ్లుగానో తాగుతున్నాం కాబట్టి దాన్ని తిండి లెక్కలో వేసుకోం.

చక్కెర బదులు బెల్లం వేయడం అందరికంటే ముందు వచ్చే ఆలోచన. బెల్లంలో కొంచెం ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్న మాట నిజం. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే. తాటిబెల్లం, తేనె కూడా రక్తంలో షుగర్‌ను పెంచేవే. ధర ఎక్కువ కాబట్టి తక్కువ వేస్తాం, ఏదైనా లాభం ఉంటే అదే.

తీపి మాత్రలు, స్టీవియా సంగతి కొంచెం మెలిక. బరువు తగ్గడానికి ఇలాంటివి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మా బంధువుల గ్రూపులో ఆ వార్త అందరూ పంపారు. అందులోనే ఉన్న ఇంకో వాక్యం ఎవరూ పంపలేదు: ఆ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదు. కాబట్టి చక్కెర మానలేక అవస్థ పడేవాళ్లు కొన్ని నెలలు మెట్టుగా వాడుకోవచ్చు. నేను ఆ మెట్టు ఎక్కలేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. నెల రోజుల్లో చక్కెర లేని ఫిల్టర్ కాఫీ అలవాటైంది. ఇప్పుడు ఎవరింట్లోనైనా చక్కెర వేసిచ్చిన కాఫీ తాగితే పాయసం తాగినట్టుంటుంది.

కాఫీ పక్కన మారీ బిస్కెట్లు కూడా చూసుకోండి. తియ్యగా లేవు కదా అని నాలుగు నములుతాం. అది మైదా, చక్కెర. "షుగర్ ఫ్రీ" అని రాసినవాటిలోనూ మైదా పోదు. సాయంత్రానికి శనగ గుగ్గిళ్లు, వేయించిన శనగలు, గుప్పెడు పల్లీలు ఎంచుకుంటే ఇంట్లో పిల్లలూ వాటినే తింటారు.

పండ్లు

జామకాయ, బొప్పాయి, నేరేడు, బత్తాయి తినొచ్చు. బత్తాయి తొనలు ఒలుచుకుని తినండి. రసం తీస్తే మూడు కాయల తీపి ఒకే గ్లాసులోకి వస్తుంది, పీచు బుట్టలోకి పోతుంది. సపోటా, సీతాఫలం, ద్రాక్ష తక్కువగా.

మామిడి లేని వేసవి మనకు ఎలా గడుస్తుంది? మానేయమని నేను చెప్పను. మన అలవాటు పెరుగన్నంలో మామిడిపండు, అంటే భోజనమంతా అయ్యాక పైన పండు. దాన్ని అక్కడి నుంచి తీసేసి సాయంత్రం నాలుగింటికి మార్చాను. సగం పండు, నాలుగు బాదం పప్పులు, ఆ పూట ఇంకేమీ లేకుండా. పండు తినాలనిపించిన రోజు మధ్యాహ్నం అన్నం ఇంకో రెండు ముద్దలు తగ్గుతుంది. మీకు ఎంత పడుతుందో మీ మీటరే చెప్తుంది.

పొద్దుటి నడకా, తిన్నాక నడకా

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలని, వరసగా రెండు రోజులకు మించి మానొద్దని డాక్టర్లు చెప్పే లెక్క. పార్కులో పొద్దున ముప్పావుగంట నడిస్తే బరువుకు, బీపీకి, మనసుకు మంచిది. తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట పెరిగే షుగర్ తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడే రక్తంలోకి వస్తున్న గ్లూకోజ్‌ను కాళ్ల కండరాలు వాడేసుకుంటాయి. రెండూ వీలైతే సరే. ఒక్కటే వీలైతే నేను రాత్రి భోజనం తర్వాత నడకనే ఎంచుకుంటాను. దానికి బూట్లక్కర్లేదు, అలారం అక్కర్లేదు, మే నెల ఎండ బాధ లేదు. ఇంటిల్లిపాదీ కిందికి దిగి అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగితే చాలు. భోజనం కూడా తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి దానంతటదే జరిగింది. టీవీ సీరియల్ సగంలో పోతుందని మా అమ్మ గొణుగుడు మాత్రం ఇంకా ఆగలేదు.

కండ బలం కూడా అవసరమే. వారానికి రెండు, మూడు సార్లు కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిహేను సార్లు చేసినా మొదలుపెట్టినట్టే.

మీటర్, ల్యాబ్, ప్యాచ్

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ తప్పదు. ఎర్ర రక్తకణాల ఆయుష్షు ఇంచుమించు 120 రోజులు కాబట్టి అది రెండు మూడు నెలల సగటు చెప్తుంది. కానీ ఏ తిండి పడలేదో చెప్పదు. ఆ పని మీటర్‌ది. కొత్తగా బయటపడినవాళ్లు మొదటి రెండు వారాలు జంటగా చూసుకోండి, తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి. రోజుకు ఒక్క పూట చాలు, స్ట్రిప్పులు ఖరీదు. పుస్తకంలో అంకె పక్కన ఏం తిన్నారో రాయండి. మామూలుగా పరగడుపున 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు ఉండాలంటారు. వయసు, ఇతర జబ్బులను బట్టి మీ డాక్టర్ వేరే హద్దు పెట్టొచ్చు. మంచి మీటర్లోనూ 15 శాతం దాకా తేడా రావచ్చు. కాబట్టి నిన్న 142, ఇవాళ 155 అని టెన్షన్ పడొద్దు.

చేతికి అంటించే ప్యాచ్ రెండు వారాలు రోజంతా లెక్క చెప్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు బాగా ఉపయోగం. మాత్రలతో సరిపోయేవాళ్లకు, డబ్బుకు వెనకాడకపోతే ఒకసారి పెట్టించుకుంటే చాలు అని నా ఉద్దేశం. రోజంతా ఫోన్లో గీత చూస్తూ కూర్చోవడం ఇంకో రోగం.

మాత్రా, మెంతులా

ఇక్కడ పోలికే లేదు. మెంతులకు షుగర్ కొంత తగ్గించే గుణం ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే దాని మీద పరిశోధన జరిగింది. కానీ అక్కడ వాడింది తిరగమోతలో చిటికెడు కాదు, రోజుకు పదుల గ్రాముల పొడి. నానబెట్టిన మెంతులు, కాకరకాయ కూర తినండి, మాత్రతో పాటు, మాత్రకు బదులు కాదు. లేబుల్ లేని పొడి డబ్బాలు ఎవరు తెచ్చిచ్చినా పక్కన పెట్టేయండి.

మాత్ర వేసుకుంటూ తిండి తగ్గించేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటివో ఇన్సులినో ఉంటే, మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చెమటలు, వణుకు, గాభరా వస్తాయి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. అప్పుడు బెల్లమా చక్కెరా అని ఆలోచించకండి.

అందుకే కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ రోజాలు ఉండాలనుకునేవాళ్లు ముందే మాత్రల వేళలు డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మా శనివారం ఉపవాసం సంగతి వేరు. రాత్రి అన్నం మానేసి ఫలహారం అని ఐదు ఇడ్లీలో పళ్లెం నిండా ఉప్మానో తింటాం. దేవుడు ఏమనుకుంటాడో గానీ మీటర్ దాన్ని ఉపవాసం కింద రాసుకోదు. ఇప్పుడు శనివారం రాత్రి మా ఇంట్లో రెండు పెసరట్లు, ఒక గ్లాసు మజ్జిగ.

మా తోడల్లుడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. రెండు వారాల పుస్తకం చదివి వినిపించాడు. అన్నం కప్పు కొలతతో తిన్న రోజులు బాగానే ఉన్నాయి, పెళ్లికి వెళ్లిన రోజు 260. ఈసారి సంక్రాంతికి మేం వాళ్ల ఊరే వెళ్తున్నాం. "మీరు మీటర్ తేవద్దులే అన్నయ్యా, నాదే వాడుకుందాం" అన్నాడు. ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. సూదీ, గుచ్చే పెన్నూ, మీటరూ ఎవరివి వాళ్లవే. ఒకరి రక్తం అంటినవి ఇంకొకరు వాడితే హెపటైటిస్ బి లాంటివి అంటుకుంటాయి. అరిసె మాత్రం ఇద్దరం ఒకటే తీసుకుని సగం సగం తిందామని ఒప్పందం.